పిల్లల కంటి పరీక్షకు వెళ్లే ముందు

అపాయింట్‌మెంట్ పొద్దున పూట తీసుకోండి. కునుకు వేళకు తీసుకెళితే పరీక్ష సగంలోనే ఏడుపు మొదలవుతుంది.

అక్షరాలు ఇంకా రాలేదని ఆగకండి, బొమ్మల చార్టు ఉంటుంది. ఒక కన్ను మూసి బొమ్మ పేరు చెప్పడం ఇంట్లో ఆటలా ఆడించండి. మూయాల్సింది అరచేత్తో. మా వాడు వేళ్ల సందుల్లోంచి చూసి అన్నీ గడగడా చెప్పేశాడు!

• పరీక్ష కోసం కంటిపాప పెద్దదయ్యేలా వేసే చుక్కల మందు కాస్త మండుతుందని ముందే చెప్పండి. "ఏం కాదు" అని మభ్యపెడితే రెండో కన్ను తెరవరు.

• చుక్కలు వేశాక దగ్గరివి మసగ్గా కనిపిస్తాయి, ఎండ చూడలేరు. టోపీ పెట్టండి. ఆ రోజు హోంవర్క్ వద్దు.

• చుక్కల్లాగే పనిచేసే అట్రోపిన్ అనే కంటి ఆయింట్‌మెంట్ ఇంట్లో రాయమంటే ఆ మసక 1–2 వారాలు ఉండొచ్చు. స్కూల్లో పరీక్షలుంటే డాక్టరుకు ముందే చెప్పండి. రాశాక చేతులు కడుక్కోండి, ట్యూబు పిల్లలకు అందనివ్వకండి. ముఖం ఎర్రబడినా, జ్వరం వచ్చినా ఆపేసి డాక్టరుకు ఫోన్ చేయండి.

• పాత కళ్లజోడు, పాత చీటీ వెంట ఉండాలి. ఇంట్లో ఎవరికైనా మెల్లకన్ను ఉంటే దాచకండి.

ఫ్లాష్ ఫోటోల్లో కంటిపాప తెల్లగా మెరుస్తోందా? అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా వెంటనే వెళ్లండి.