ఊగే సిలిండర్ ఇంజన్: ఇత్తడి కోసే ముందు ఫ్రీక్యాడ్‌లో బెజ్జాలు తేల్చుకోండి

బుల్లి ఆవిరి ఇంజన్లలో చేతికి తొందరగా లొంగేది ఊగే సిలిండర్‌ది. దీనికి వాల్వు ఉండదు. సిలిండరే అటూ ఇటూ ఊగుతూ తన బెజ్జాన్ని ఒకసారి ఆవిరి వచ్చే బెజ్జం మీదికి, ఇంకోసారి ఆవిరి పోయే బెజ్జం మీదికి తెచ్చుకుంటుంది. కట్టాక తిరగనని మొండికేస్తే ముందు అనుమానించాల్సింది ఈ మూడు బెజ్జాలనే. అందుకే ఫ్రీక్యాడ్ (కంప్యూటర్‌లో భాగాలు గీసే ఉచిత సాఫ్ట్‌వేర్) తెరవగానే సిలిండర్ గీయడానికి దిగకండి. ముందు వట్టి గీతలతో కదలిక చూసుకోండి.

ఫ్రీక్యాడ్‌లోని పార్ట్ డిజైన్ విభాగంలో కొత్త బాడీ, అందులో స్కెచ్. ఆరిజిన్ (స్కెచ్‌లోని సున్నా బిందువు) దగ్గర క్రాంకు (పిస్టన్ తిప్పే చక్రం) కేంద్రం, దాని చుట్టూ 8 ఎంఎం వ్యాసార్థంతో వృత్తం (అంటే స్ట్రోకు, పిస్టన్ కదిలే దూరం, 16). సరిగ్గా 40 ఎంఎం పైన పివట్, అంటే సిలిండర్ ఊగే ఇరుసు. పివట్ నుంచి వృత్తాన్ని తాకేలా ఒక గీత గీసి టాంజెంట్ కన్‌స్ట్రెయింట్ (గీత వృత్తాన్ని అంచున తాకే ఉండాలన్న షరతు) ఇవ్వండి. సిలిండర్ అంతకంటే ఒరగదు, కోణం 11.5 డిగ్రీలు. అదే గీతను పివట్ దాటించి 12 ఎంఎం పైకి లాగితే, కొన మధ్యగీతకు 2.4 ఎంఎం పక్కన ఉంటుంది. సిలిండర్ బెజ్జం చేరేది అక్కడికే. రెండో పక్కా అంతే కాబట్టి ఫ్రేములో (సిలిండర్ ఆనుకుని ఊగే పలకలో) ఆవిరి వచ్చే, పోయే రెండు బెజ్జాల కేంద్రాల మధ్య దూరం 4.8.

బెజ్జం సైజు 2.4 దాటకూడదు. పిస్టన్ పై కొసకో కింది కొసకో చేరినప్పుడు సిలిండర్ బెజ్జం నడిమధ్యన ఉంటుంది. 2.5 డ్రిల్లు వేశారో, అది ఫ్రేములోని రెండు బెజ్జాలనూ ఒకేసారి తాకుతుంది. ఆవిరి పిస్టన్‌ను తోయకుండానే బయటికి జారిపోతుంది. 2 ఎంఎం వేయండి, మధ్యలో 0.4 మిగులుతుంది. కొలతలన్నీ స్ప్రెడ్‌షీట్‌లో పెట్టుకుంటే మార్చి చూడటం తేలిక: 40ని 45 చేస్తే 2.4 కాస్తా 2.13కి దిగుతుంది. మిగిలే 0.13 బెంచి డ్రిల్లు మీద చేసే పనికి చాలదు.

సిలిండర్‌కి 20 ఎంఎం చదరపు ఇత్తడి బార్, పొడవు 35, బోరు (పిస్టన్ కదిలే లోపలి రంధ్రం) 10. బోరు నట్టనడుమ పెడితే గోడ 5 ఎంఎం మాత్రమే. పివట్ కోసం ఎం4 ట్యాపుకి (4 ఎంఎం మర కోయడానికి) 3.3 డ్రిల్లు 4 ఎంఎం లోతు దించితే ఇంకా 1 ఎంఎం ఉందనిపిస్తుంది. కానీ డ్రిల్లు మొన పొడవే దాదాపు 1 ఎంఎం, బోరు అంచుదాకా వచ్చేస్తుంది. హోల్ టూల్‌లో డ్రిల్ పాయింట్ ఫ్లాట్‌గా ఉంటే ఇది తెరమీద కనబడదు, యాంగిల్డ్ చేయండి. బోరును 2 ఎంఎం పక్కకు జరిపితే పివట్ వైపు గోడ 7 అవుతుంది, 5 ఎంఎం లోతు నిశ్చింతగా వేయొచ్చు.

ఇత్తడికి ముందు ప్లాస్టిక్‌లో ప్రింటు తీసి ఊపి చూడటం మంచిదే. త్రీడీ ప్రింటర్లలో వాడే పీఎల్‌ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. మే నెలలో తిరుపతి ఎండకి నిలిపిన కారులో మాత్రం వదిలేయకండి.

ఫ్రీక్యాడ్‌లో డ్రాయింగు పేజీ తయారుచేసే టెక్‌డ్రాలో ఫస్ట్ యాంగిల్ (పక్క చూపులను పేజీలో అమర్చే ఒక పద్ధతి) పెట్టండి, మన లేత్ షాపుల్లో చదివేది అదే. థర్డ్ యాంగిల్ ఇస్తే పక్కకి జరిపిన బోరు ఎదురు వైపుకి పోతుంది. మార్కింగ్‌కి కాగితం అంటించేట్లయితే పేజీలో 100 ఎంఎం గీత ఒకటి గీయండి. జిరాక్స్ షాపులో 'ఫిట్ టు పేజ్' తీసేయించి 100 శాతంలో ప్రింటు తీయించి, అక్కడే స్కేలు పెట్టి కొలవండి. బోరుకి 9.8 డ్రిల్లు, ఆపైన 10 రీమర్ (రంధ్రాన్ని కచ్చితమైన సైజుకి నునుపు చేసే పనిముట్టు) అని డ్రాయింగులోనే రాయండి. లేత్ మీద పిస్టన్ చెక్కేది బోరు అయ్యాకే, ఆ బోరులో దూర్చి చూసుకుంటూ.