పాత ఫోటోల పాఠాలు – 3: ‘అత్తయ్య’ అని రాస్తే సరిపోదు

మొదటి పాఠంలో జిగురు ఆల్బమ్ నుంచి ఫోటోలు చిరగకుండా ఊడదీయడం, రెండో పాఠంలో వాటిని స్కాన్ చేసి నంబర్లు వెయ్యడం అయ్యాయి. ఈపాటికి మీ దగ్గర నంబరు వేసిన ఫోటోలు కనీసం ముప్పై, అవే నంబర్లతో స్కాన్లు ఉండాలి. లేకపోతే ముందు ఆ పని ముగించి రండి. నంబరు లేని ఫోటో ముందు పెద్దవాళ్లు గంటసేపు చెప్పింది రికార్డు చేసినా, నెల తర్వాత విన్నప్పుడు ‘ఇదిగో వీడే’ అన్న ‘వీడు’ ఏ ఫోటోలో ఎక్కడున్నాడో తేలదు.

ఈ పాఠంలో పని ఒక్కటే: ఫోటో పెట్టి పెద్దవాళ్ల చేత చెప్పించడం, చెప్పింది ఇంకో తరానికి అర్థమయ్యేలా రాయడం. రెండోదే కష్టం.

కూర్చోబెట్టే ముందు

ఒక్కో పూటకి ఎనిమిది, పది ఫోటోలు చాలు. ముప్పావుగంట దాటితే పెద్దవాళ్లు అలసిపోయి ‘ఏమో, గుర్తులేదమ్మా’ అనడం మొదలుపెడతారు. చాలాసార్లు అది మరుపు కాదు, విసుగు. పొద్దున కాఫీ అయ్యాకో, మధ్యాహ్నం కునుకు తీసి లేచాకో కూర్చోండి. సాయంత్రం సీరియళ్ల వేళ వద్దు.

అసలు ఫోటో చేతికివ్వకండి. ఆగ్ఫా క్లిక్ 3 లాంటి కెమెరాల్లో 120 ఫిల్ముకి పన్నెండు ఫోటోలు పడేవి. వాటి ప్రింట్లు చాలా ఇళ్లలో ఫిల్మంతే ఉంటాయి, ఆరు సెంటీమీటర్లకి ఆరు. పదిహేను మంది నిలబడ్డ ఫోటోలో ఒక్కో ముఖం మినప్పప్పు బద్దంత. శుక్లాలున్న కళ్లకి అది ఆనదు. స్కాన్‌ని ఏ4 కాగితం నిండా ప్రింటు తీయించండి. దాని మీద ఒక్కో తల పక్కన పెన్నుతో అంకె వెయ్యండి: వెనక వరసతో మొదలుపెట్టి, చూసేవాళ్ల ఎడమ నుంచి కుడికి. 17వ ఫోటోలో మూడో తల అయితే 17-3. నోటితో చెప్పేటప్పుడూ ‘పదిహేడు, మూడు’ అనే అనండి. వేలు పెట్టి చూపించడం రికార్డులో వినపడదు.

అంకెలు వేసే ముందు ఫోటో తిరగబడి లేదని చూసుకోండి. నెగెటివు బోర్లా పెట్టి ప్రింటు తీస్తే ఎడమ కుడి అవుతుంది. ఆడవాళ్లందరి పైట కుడి భుజం మీద కనిపిస్తున్నా, వాచీలన్నీ కుడిచేతికే ఉన్నా, షాపు బోర్డు మీద అక్షరాలు తిరగబడ్డా ఆ ఫోటో అద్దంలో చూసినట్టు పడిందన్నమాట. స్కాన్‌ని తిప్పి సరిచెయ్యండి.

రికార్డింగుకి ఫోను చాలు. విమానం గుర్తున్న మోడ్‌లో పెట్టండి, చాలా ఫోన్లలో కాల్ వస్తే రికార్డింగు ఆగిపోతుంది. చెప్పేవారికి మూరెడు దూరంలో, మడత పెట్టిన తువ్వాలు మీద ఉంచండి. నేరుగా బల్ల మీద పెడితే కాగితం జరిపిన ప్రతిసారీ ఆ చప్పుడే పెద్దగా పడుతుంది. నెత్తి మీద ఫ్యాను వేగం తగ్గించండి. కుక్కరు కూత దగ్గర ఒక నిమిషం ఆగండి, అంతే.

ఏం అడగాలి

‘ఇదెవరు? ఇదెవరు?’ అని వరసగా అడిగితే పరీక్షలా ఉంటుంది. రెండు పేర్లు తప్పిపోయేసరికి చెప్పేవాళ్లకి చిన్నతనంగా అనిపించి నోరు మూసుకుంటారు. ముందు పనుల గురించి అడగండి. ఈ కెమెరా ఎవరిది? ఎవరు తీశారు? ఆ రోజు ఇంట్లో వంటేమిటి? ఈ చొక్కా గుడ్డ ఎక్కడ కొన్నారు? ఇవి చెబుతుంటే పేర్లు వాటంతట అవే వస్తాయి.

అన్నిటికన్నా బాగా పనిచేసే ప్రశ్న: ‘ఈ ఫోటోలో ఉండాల్సి ఉండీ లేనిదెవరు?’ ఫోటో తీసిన మనిషి ఎలాగూ ఉండడు. వంటింట్లో గారెలు వేస్తున్న కోడలు ఉండదు. అలిగి వెళ్లిపోయిన బావ ఉండడు. పండగ ఫోటో వెనక అసలు సంగతి సగం ఇక్కడే ఉంటుంది.

మొదటి పూట వాళ్ల చిన్నతనం ఫోటోలే పెట్టండి. పోయిన బిడ్డదో భర్తదో ఫోటో అడుగున ఉంచి, ‘చూస్తారా?’ అని అడిగాకే తియ్యండి. ఇద్దరు పెద్దవాళ్లని కలిపి కూర్చోబెట్టడం రెండో పూటకి. అప్పుడు ‘అది భీమవరం కాదు, తణుకు’ అని వాదన వస్తుంది. తగువు తీర్చకండి. రెండూ రాసి, ఏది ఎవరు చెప్పారో పక్కన పెట్టండి.

వరస రాయడం

ఇప్పుడు అసలు పాఠం. ఫోటో వెనక ‘అత్తయ్య, సంక్రాంతి’ అని ఉంటుంది. రాసిన మనిషి ఉన్నంతకాలం అది సమాచారమే. ఆ తర్వాత? అత్తయ్య అంటే నాన్న అక్కచెల్లెలు కావచ్చు, మేనమామ భార్య కావచ్చు, పెళ్లయినవాళ్లు రాస్తే అత్తగారూ కావచ్చు. ఎవరికి అత్తయ్య అన్నది తెలియనిదే ఆ మాటకి విలువ లేదు. ‘అన్నయ్య’ సొంత అన్నో పెదనాన్న కొడుకో పెద్దమ్మ కొడుకో చెప్పదు. పైగా ఊరు మారితే మాట మారుతుంది. రాయలసీమలో అవ్వ అంటే తాత భార్య. తెలంగాణలో కొన్ని ఇళ్లలో కన్నతల్లినే అవ్వ అంటారు. ఒకరింట్లో పిన్ని, పక్కింట్లో చిన్నమ్మ.

అందుకే పిలుపుతో పాటు ‘తోవ’ రాయాలి. ఇంట్లో అందరికీ తెలిసిన ఒక జంటను, సాధారణంగా తాతమ్మ ముత్తాతలను, మొదలుగా పెట్టుకోండి. అక్కడి నుంచి తండ్రి, తల్లి, కొడుకు, కూతురు, భార్య, భర్త అనే ఆరు మాటలతోనే ఆ మనిషి దాకా నడవండి. పెద్ద, రెండో, చిన్న అన్న క్రమం కలపండి. బావ, వదిన, మరిది, తోడల్లుడు లాంటివి తోవలోకి రానివ్వకండి. అవి పిలుపు గడిలోనే ఉండాలి.

ఒక నమూనా, పేర్లు ఊరికే అనుకున్నవి:

17-3
పేరు: సుబ్బలక్ష్మి
పిలుపు: చిట్టి, పిల్లలకి చిట్టత్తయ్య
తోవ: మొదలు జంట → రెండో కొడుకు → చిన్న కూతురు
ఇంటిపేరు: పుట్టింటిది ఒకటి, అత్తింటిది ఒకటి, రెండూ
చెప్పినవారు: ఎవరు, ఏ తేదీన
నమ్మకం: ఖాయం / అనుమానం

ఆడవాళ్లకి రెండు ఇంటిపేర్లూ రాయకపోతే పెళ్లికి ముందు ఫోటోలో పిల్ల, పెళ్లి తర్వాత ఫోటోలో కోడలు మీ జాబితాలో ఇద్దరు వేరే మనుషులైపోతారు. ఇది చాలా మామూలుగా జరిగే తప్పు.

ఇంకో చిక్కు మేనరికం. మేనమామని చేసుకున్న అమ్మాయికి అమ్మమ్మే అత్తగారు, ఆమె భర్తకి సొంత అక్కే అత్తగారు. అలాంటి చోట తోవలు రెండు వస్తాయి, రెండూ నిజమే. ఒకటి కొట్టేసి ‘సరి’ చెయ్యకండి, రెండూ కింద కింద రాయండి. వంశవృక్షం గీసే ఆప్‌లలో కొన్ని ఇక్కడ తికమకపడి ఒకే మనిషిని రెండుసార్లు చూపిస్తాయి. కాగితం మీద ఆ బాధ లేదు.

పేర్లూ తిరిగి వస్తాయి. తాత పేరు మనవడికి పెట్టే ఇళ్లలో ఒకే పేరు తరం విడిచి తరం ఉంటుంది. ‘రామయ్య (తాత)’, ‘రామయ్య (మనవడు)’ అని పక్కనే రాయండి. మామగారి పేరు కోడలు నోటితో అనకూడదన్న పట్టింపున్న ఇళ్లలో ఆ పిల్లాణ్ని బుజ్జి, అబ్బులు, చంటి అనే పిలిచి ఉంటారు, అసలు పేరు బడి సర్టిఫికెట్లోనే దొరుకుతుంది. అలాగే కొందరు పెద్ద ముత్తయిదువలు భర్త పేరు చెప్పరు. ‘మీ తాతయ్య’ అనో ‘ఆయన’ అనో ఆపుతారు. బలవంతపెట్టకుండా ఆ గడి ఖాళీగా ఉంచి, వాళ్ల మరిదినో ఆడపడుచునో అడిగి నింపండి.

ఏ పండగ, ఏ ఏడాది

పండగని ఫోటోలోని వస్తువులు చెబుతాయి. వాకిట్లో గుమ్మడిపూలు గుచ్చిన గొబ్బెమ్మలుంటే ధనుర్మాసం, లేదా సంక్రాంతి మూడు రోజులు. పీట మీద కూర్చున్న పిల్లాడి ఒళ్లోనూ చుట్టూ నేల మీదా రేగుపళ్లు, చిల్లర పైసలు కనిపిస్తే భోగిపళ్లు పోశారు, అంటే జనవరి 13 లేదా 14 సాయంత్రం. తంగేడు, గునుగు పూలు వలయాలుగా పేర్చి ఉంటే బతుకమ్మ. బొమ్మల కొలువు దగ్గర మాత్రం తొందరపడకండి. కొన్ని ఇళ్లలో దసరాకి పెడతారు, కొన్ని ఇళ్లలో సంక్రాంతికి. మీ ఇంటి వాడుక అడిగే రాయండి.

పూలజడ ఫోటో కాస్త దగ్గరగా చూద్దాం. మల్లెమొగ్గలు కుట్టిన జడ వేసి, పిల్లని స్టూడియోకి తీసుకెళ్లి, వెనక నిలువుటద్దం పెట్టి తీయించేవారు. ముందు ముఖం, అద్దంలో జడ. తెలియనివాళ్లు ఇద్దరు పిల్లలనుకుంటారు. మొగ్గలు లావుగా, జడంతా వత్తుగా ఉంటే అది ఎండాకాలమే, బడి సెలవులు. మేనమామ ఊళ్లో తీయించారా, సొంత ఊళ్లోనా అని అడగండి. అట్ట మీది స్టూడియో ముద్ర చూస్తే జవాబు ఉండొచ్చు. అదే స్టూడియోలో తీయించిన కుర్రాడి కోటూ టై చూసి ‘అప్పట్లోనే సూటు’ అని రాసేయకండి. చాలా స్టూడియోల్లో కోటు చిలక్కొయ్యకి వేలాడుతూ ఉండేది, వచ్చినవాళ్లందరికీ అదే.

ఏడాదికి గుర్తులు వేరు. స్టూడియో ముద్రలో ఊరి పేరు పక్కన ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే ఆ ముద్ర 1972 ఆగస్టు 15 తర్వాతది. విజయనగరం జిల్లా అని ఉంటే 1979కి, రంగారెడ్డి జిల్లా అని ఉంటే 1978కి ముందుది కాదు. బండి నంబరు మూడక్షరాలు, ఆ తర్వాత అంకెలుగా ఉంటే ఆ బండి 1989కి ముందు రిజిస్టరైంది. ఫోటో ఆ తర్వాతెప్పుడైనా తీసి ఉండొచ్చు, బండి పదిహేనేళ్లు నడుస్తుంది కదా. రంగుల ఫోటో ఎర్రగా మారిపోయి ఉంటే నీలిరంగు ముందు వెలిసిపోయిందన్నమాట, 1970లు, 80ల ప్రింట్లలో ఇది తరచూ కనిపిస్తుంది.

కింద మూలన నారింజరంగు అంకెలున్న ఫోటోలకి మరీ జాగ్రత్త. కెమెరాలో బ్యాటరీ మార్చినప్పుడు తేదీ మళ్లీ పెట్టకపోతే మొదటికొస్తుంది. అందరూ దీపావళి కాకరపువ్వొత్తులు పట్టుకుని ఉంటే కింద జనవరి ఒకటి అని ఉండటం ఇందుకే. ఫోటోలో కనిపించేదే నమ్మండి.

పెద్దవాళ్లు ఇంగ్లీషు ఏడాది చెప్పలేకపోతే దాని చుట్టూ అడగండి. ఉప్పెనకి ముందా తర్వాతా? కృష్ణా జిల్లా, గుంటూరు వైపు వాళ్లకి ఉప్పెన అంటే 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన. పుష్కరాలకి వెళ్లినప్పుడా? గోదావరివి 1979, 1991, 2003, 2015లో. కృష్ణవి సరిగ్గా మరుసటి ఏడు, 1980, 1992, 2004, 2016లో. చంకలో పిల్లకి అప్పటికి పుట్టువెంట్రుకలు తీశారా? కొందరు సంవత్సరం పేరు చెబుతారు, పాత శుభలేఖలోనూ అదే ఉంటుంది. విజయ నామ సంవత్సరం అంటే 1953–54, లేదా 2013–14. అరవై ఏళ్లకోసారి కాబట్టి తికమక ఉండదు. కానీ ఆ ఏడు ఉగాదితో మొదలవుతుంది: ‘విజయలో సంక్రాంతి’ అంటే 1954 జనవరి, 1953 కాదు.

ఇంత చేసినా ఏడాది తేలకపోతే ‘1972–77 మధ్య’ అని రాయండి. ‘సుమారు 1975’ అని రాస్తే రెండు చేతులు మారేసరికి ‘సుమారు’ రాలిపోతుంది.

వెనక రాత, పంచడం

పాత దళసరి కాగితం ఫోటో వెనక నంబరొక్కటే, 2బి పెన్సిలుతో, అంచు దగ్గర, గట్టిగా నొక్కకుండా. బాల్‌పెన్ గాడి ముందువైపు ముఖం మీద తేలుతుంది, సిరా పక్క ఫోటోకి అంటుతుంది. రంగుల ఫోటోల నున్నటి వెనకభాగం మీద పెన్సిలు పడదు. కవరు మీద రాసి, ఆరాక, ఫోటో లోపల పెట్టండి. మిగతా వివరమంతా నోటుబుక్కులో.

కుటుంబం గ్రూపులో పెట్టేటప్పుడు వాట్సాప్‌లో ఫోటోగా కాక డాక్యుమెంటుగా పంపండి, లేకపోతే సైజు తగ్గి ముఖాలు అలుక్కుపోతాయి. వారానికి ఒకటే పంపి, ఒకటే ప్రశ్న అడగండి: ‘17-5 ఎవరు? చేతిలో ట్రాన్సిస్టరున్న ఆయన.’ ఇరవై ఒకేసారి పంపితే ఇరవై దండాల బొమ్మలొస్తాయి, పేరు ఒక్కటీ రాదు. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్నవాళ్లు వీడియో కాల్‌లో ఫోటో చూపించాలనుకుంటే, అంకెలు వేసిన ఏ4 ప్రింట్లు ముందే ఇక్కడి పెద్దవాళ్ల ఇంటికి చేర్చండి. ఫోన్ తెరలో చూసి పోల్చుకోవడం వాళ్లవల్ల కాదు.

వచ్చే పాఠానికి

ఎనిమిది ఫోటోలతో ఒక పూట కూర్చోండి. అదే రాత్రి రికార్డు విని నోటుబుక్కు నింపండి. రెండు రోజులు ఆగితే మీరు రాసుకున్న పొట్టి మాటలు మీకే అర్థం కావు. తర్వాత ఆ ఫోటోల గురించి ఏమీ తెలియని పదిహేనేళ్ల పిల్లకో పిల్లాడికో ప్రింట్లూ నోటుబుక్కూ ఇచ్చి, మిమ్మల్ని అడగకుండా ఐదుగురి తోవ చెప్పమనండి. ఎక్కడ ఆగిపోతే అక్కడ గడి సరిచెయ్యండి. నాలుగో పాఠంలో ఈ గడులూ రికార్డులూ కలిపి పుస్తకంగా కుట్టడం. దానికి దబ్బనం, దళసరి నూలుదారం, 100 జీఎస్ఎం కాగితం యాభై షీట్లు తెచ్చి ఉంచుకోండి.