డిస్నీలో పిల్లల వేషం: ఎంపిక వాళ్లదే

ఓర్లాండో డిస్నీ వరల్డ్‌లో బిబ్బిడి బాబ్బిడి బొటిక్ అని ఉంటుంది. 3 నుంచి 12 ఏళ్ల పిల్లలను అక్కడ ముస్తాబు చేస్తారు. యువరాణి ప్యాకేజీలతో పాటు కత్తీ డాలూ ఉండే వీరుడి ప్యాకేజీ కూడా ఉంది. బుక్ చేసేముందే పిల్లలకు అన్నీ చూపించండి. "అబ్బాయివి కదా, కత్తి తీసుకో" అని మాత్రం అనకండి. మా వాడు 'ఫ్రోజెన్' సినిమాలోని ఎల్సా గౌను అడిగాడు, అదే కొన్నాం.

గౌను ముందే కొని ఇంట్లో ఓ పూట వేసి చూడండి. మెడ దగ్గర నెట్ గుచ్చుకుంటుంది, లోపల పలుచని కాటన్ బనియన్ వేయండి. అంచు కాళ్లకు అడ్డం పడకుండా రెండు అంగుళాలు మడిచి కుట్టండి. కింద రోజూ వేసుకునే బూట్లే మంచివి.

లైన్‌లో ఎవరైనా "పాప బాగుంది" అంటే మీరు సరిదిద్దకండి. అబ్బాయినని చెప్పాలో వద్దో వాడి ఇష్టం.

అసలు టెన్షన్ వీడియో కాల్‌లోనే. "మగపిల్లాడికి గౌనేంటే?" అని మా అమ్మ అడిగింది. "కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ గారు సత్యభామ వేషం కడితే జనం మురిసిపోయి చూడలేదా అమ్మా?" అన్నాను. ఫోటోలు మాత్రం వాడిని అడిగాకే పంపాను. మీరూ అడిగాకే పంపండి.