పాత ట్రాక్టర్ క్లచ్: బండి విప్పకముందే జబ్బు పట్టుకోవడం

కరిగట్టు (నీళ్లు పెట్టిన మడి దున్నడం) జోరుగా నడిచే రోజుల్లో ట్రాక్టర్ లాగడం లేదంటే చాలు, "క్లచ్ ప్లేట్ పోయింది, విప్పాల్సిందే" అనేస్తారు. విప్పడమంటే ఇంజన్‌ను, గేర్‌బాక్స్‌ను రెండు ముక్కలు చేయడమే. అంత ఖర్చు పెట్టాక అసలు కారణం ఆయిల్ సీల్ (ఆయిల్ బయటికి కారకుండా ఆపే రింగు) అని తేలితే కొత్త ప్లేట్ కూడా అదే దారి పడుతుంది. అందుకే పానా పట్టేముందు కింది పరీక్షలు వరుసగా చేయండి.

ముందు పెడల్. ఇంజన్ ఆపి, పక్కన స్కేలు నిలబెట్టి చేత్తో నొక్కండి. బరువు తగలకుండా వట్టిగా దిగిన దూరమే ఫ్రీ ప్లే. చాలా మోడళ్లకు ఇది 20 నుంచి 30 మి.మీ. దాకా ఉంటుంది, బండి పుస్తకంలో వేరే అంకె ఉంటే అదే లెక్క. క్లచ్ ప్లేట్ అరిగేకొద్దీ, దాన్ని ఫ్లైవీల్‌కు (ఇంజన్ వెనక తిరిగే బరువైన చక్రానికి) అదిమే ప్రెజర్ ప్లేట్ ఫింగర్లు రిలీజ్ బేరింగ్ వైపు జరుగుతాయి; పెడల్ తొక్కితే ఫింగర్లను ఒత్తేది ఈ బేరింగే. అలా ఫ్రీ ప్లే తగ్గుతూ వస్తుంది. అది సున్నా అయితే కాలు తీసినా బేరింగ్ ఫింగర్లను ఒత్తుతూనే ఉంటుంది, క్లచ్ జారుతుంది, అంటే ఇంజన్ బలం చక్రాలకు పూర్తిగా అందదు. మరీ ఎక్కువైతే అడుగుదాకా తొక్కినా క్లచ్ విడవదు, గేర్లు అరుస్తాయి.

పెడల్ రాడ్డు తిప్పి ఫ్రీ ప్లే సరిచేసే ముందు ఒకరిని పెడల్ తొక్కమని, మీరు కిందికి వంగి హౌసింగ్ పక్కనున్న లివర్‌ను చూడండి. పెడల్ దిగుతున్నా లివర్ కదలడం లేదంటే ఆ దూరమంతా పిన్నుల అరుగుదలే. పాత బండ్లలో ఫోర్కు పిన్ను నడుమ సన్నబడి, దాని రంధ్రం కోడిగుడ్డులా సాగి ఉంటుంది. ఆ పిన్ను మార్చకుండా ఫ్రీ ప్లే సర్దితే కొలత తప్పుతుంది.

తర్వాత క్లచ్ హౌసింగ్ అడుగున ఉన్న రంధ్రం. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హాలియా వైపు వరి మడుల్లో పనిచేసే బండ్లకు సగం రోగాలు ఇక్కడే దొరుకుతాయని నా అభిప్రాయం. మామూలు రోజుల్లో ఆ రంధ్రం తెరిచి ఉండాలి, అందులో స్ప్లిట్ పిన్ను వేలాడుతూ ఉంటుంది. మడిలో దిగేటప్పుడు దాన్ని తీసి ప్లగ్ బిగించాలి, లేకపోతే బురద నీళ్లు లోపలికి పోతాయి. పని అయ్యాక ప్లగ్ విప్పి చూడండి. నీళ్లు వస్తే తుప్పు మొదలైనట్టే. నల్లటి ఆయిల్ వస్తే ఇంజన్ క్రాంక్ వెనక సీల్ కారుతోంది. తేనె రంగులో జిడ్డుగా వస్తే గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ సీల్ పోయింది. ఏమీ రాకపోతే మంచిదే అనుకోకండి, సన్న తీగతో లోపలికి పొడిచి చూడండి; మట్టి గడ్డ కట్టి రంధ్రం మూసుకుపోయి ఉండొచ్చు.

క్లచ్ జారుతోందా లేదా అన్నది బండి వేడెక్కాకే పరీక్షించాలి. ఖాళీ జాగాలో, ముందు మనుషులెవరూ లేకుండా, రెండు బ్రేకులూ కలిపి లాక్ చేసి, హై రేంజ్‌లో టాప్ గేర్ వేసి, థ్రాటిల్ మధ్యలో ఉంచి పెడల్ మెల్లగా వదలండి. క్లచ్ బాగుంటే ఇంజన్ ఒకటి రెండు సెకన్లలో ఆగిపోతుంది. ఆగకుండా తిరుగుతుంటే జారుతున్నట్టే, వెంటనే పెడల్ తొక్కేయండి. ఈ పరీక్ష మళ్లీ మళ్లీ చేస్తే బాగున్న ప్లేట్ కూడా కాలుతుంది. పొలంలో గుర్తుపట్టడం ఇంకా తేలిక: లోడ్ పడ్డప్పుడు ఇంజన్ మొత్తుకొని ఆర్‌పీఎం పడిపోతే అది డీజిల్ లేదా ఇంజన్ సమస్య, ఆర్‌పీఎం తగ్గకుండా, చక్రాలు ఉన్నచోటే వట్టిగా తిరగకుండా, బండి మాత్రం వెనకబడితే క్లచ్ సమస్య.

క్లచ్ విడవడం లేదనిపిస్తే పెడల్ పూర్తిగా తొక్కి, ఐదు సెకన్లు ఆగి రివర్స్ వేయండి. అప్పుడూ గరగరమంటే ప్లేట్ ఇంకా తిరుగుతోంది. సీజన్ అయ్యాక నెలల తరబడి నిలబెట్టిన బండికి ప్లేట్ తుప్పుతో ఫ్లైవీల్‌కు అతుక్కుంటుంది. పెడల్‌ను తొక్కి ఉంచే కొక్కెం ఉన్న బండిని, నిలబెట్టేటప్పుడు కొక్కెం వేసి ఉంచితే ఈ బాధ రాదు.

డబుల్ క్లచ్ బండి అయితే సగం తొక్కితే బండి, పూర్తిగా తొక్కితే పీటీఓ (రోటవేటర్ లాంటి పనిముట్లను తిప్పే వెనక షాఫ్ట్) ఆగాలి. బండి బాగా లాగుతూ రోటవేటర్ మాత్రం ఆగిపోతుంటే ముందు రోటవేటర్ షియర్ బోల్టు (బరువు మించితే తెగిపోయే బోల్టు) చూడండి, ఆ తర్వాతే పీటీఓ ప్లేట్‌ను అనుమానించండి.

చప్పుడుతో కూడా జబ్బు తెలుస్తుంది. పెడల్ మీద కాలు ఆనించగానే మొదలైతే రిలీజ్ బేరింగ్. గేర్‌లో ఉండి పూర్తిగా తొక్కినప్పుడు వస్తే ఫ్లైవీల్ నడుమ ఉండే పైలట్ బేరింగ్. న్యూట్రల్‌లో కాలు తీసినప్పుడు ఉండి, తొక్కితే పోతుంటే గేర్‌బాక్స్ ఇన్‌పుట్ బేరింగ్. వదిలేటప్పుడు బండి దడదడ వణికితే ప్లేట్‌కు ఆయిల్ అంటిందో, ఫింగర్ల ఎత్తు తేడాగా ఉందో చూడాలి.

ఇవన్నీ చూశాక విప్పక తప్పదంటే, ముందు చక్రాల ఇరుసుకూ దానిపైన ఉండే సపోర్టుకూ మధ్య రెండు పక్కలా చెక్క ముక్కలు గట్టిగా కొట్టండి. లేకపోతే విడగానే ఇంజన్ ఒక పక్కకు ఒరిగి మనిషి మీద పడుతుంది. లోపలి పొడిని కంప్రెసర్ గాలితో ఊదొద్దు, పాత ప్లేట్లలో ఆస్‌బెస్టాస్ (ఊపిరితిత్తులకు చేటు చేసే నార) ఉండే అవకాశం ఉంది. తడి గుడ్డతో తుడవండి. రిలీజ్ బేరింగ్‌ను డీజిల్‌లో కడగొద్దు, లోపలి గ్రీజు పోయి కొన్నాళ్లకే అరుస్తుంది. ఫ్లైవీల్ మీద నీలం మచ్చలు, సన్న పగుళ్లు ఉంటే లేత్ మీద ఫేసింగ్ (పైభాగం చదును) చేయించాలి. ఏ సీల్ కారిందో అది మార్చకుండా కొత్త ప్లేట్ బిగించనివ్వకండి.

ప్లేట్ ఎందుకు కాలిందో డ్రైవర్‌ను అడగండి. వరి కోతల్లో మిల్లుల ముందు ట్రాలీల వరస అంగుళం అంగుళం జరుగుతుంటే న్యూట్రల్ చేయకుండా హాఫ్ క్లచ్ మీద (పెడల్ సగమే తొక్కి) నిలబెట్టడం, దున్నేటప్పుడు పెడల్ మీదే కాలు ఉంచడం, ఈ రెండూ కాల్చినన్ని ప్లేట్లు బరువు కాల్చదు. కొత్త ప్లేట్ కుదురుకునే మొదటి రోజుల్లో ఫ్రీ ప్లే మళ్లీ మారుతుంది కాబట్టి వారం తిరిగేలోపు స్కేలు పెట్టి మరోసారి కొలవండి.