నత్రజని వలయం: పిల్లల చేత తెలుగు వికీపీడియా వ్యాసం రాయించడం

జీవ భౌగోళిక రసాయనిక వలయాలన్నీ (నీరు, కార్బన్, నత్రజని లాంటివి ప్రకృతిలో తిరిగే తీరు) ఒకేసారి పెట్టుకోవద్దు. నత్రజని ఒక్కటి చాలు, అందులోనే పిల్లలు ఎక్కువ తికమకపడతారు.

తరగతిని ఐదు జట్లు చేయండి: స్థాపన (గాలిలోని నత్రజని అమ్మోనియాగా మారడం), అమ్మోనీకరణం (చచ్చిన జీవులు, వ్యర్థాలు కుళ్లి అమ్మోనియా రావడం), నత్రీకరణం (అమ్మోనియా నైట్రేట్‌గా మారడం), మొక్కల శోషణ, వినత్రీకరణం (నైట్రేట్ తిరిగి నత్రజని వాయువుగా మారడం). ఒక్కో జట్టు 150 పదాలు, కనీసం రెండు మూలాలతో రాయాలి. ప్రతి భాగంలో నాలుగు సంగతులు తప్పనిసరి: ఏ పదార్థం ఏదిగా మారుతోంది, ఎవరు మారుస్తున్నారు, ఎక్కడ, ఆక్సిజన్ ఉందా లేదా. ఈ చివరిదే అసలు కీలకం. నత్రీకరణానికి ఆక్సిజన్ కావాలి. వినత్రీకరణం అది కొరవడిన చోట, నీరు నిలిచిన వరి మడి లాంటి చోట, జోరుగా సాగుతుంది.

"మొక్కలు గాలిలోని నత్రజనిని పీల్చుకుంటాయి" అని ఎవరో ఒకరు రాసే తీరతారు. కొట్టేయకండి. గాలిలో 78 శాతం నత్రజని ఉండగా రైతు యూరియా ఎందుకు కొంటున్నాడో అడగండి. 45 కిలోల బస్తాలో నత్రజని 46 శాతం, అంటే 20.7 కిలోలని వాళ్లచేతే లెక్క కట్టించండి. తర్వాత వేరుశనగ మొక్కను పీకి వేరుబుడిపెలు కోయించండి: లోపల గులాబీ రంగుంటే, గాలిలోని నత్రజనిని మొక్కకు పనికొచ్చేలా మార్చే రైజోబియం బ్యాక్టీరియా పనిచేస్తున్నట్టే.

వికీపీడియా ఖాతాలు ముందురోజే ఇళ్ల దగ్గర తెరిపించండి. ఒకే ఐపీ (ఇంటర్నెట్ చిరునామా) నుంచి రోజుకు ఆరుకు మించి వికీపీడియా తెరవనివ్వదు. బడి ల్యాబ్‌లో సగం పీరియడ్ దానికే పోతుంది. చిత్తుప్రతి వికీపీడియాలోని ప్రయోగశాల పేజీలోనే (సాధన కోసం ఉండే పేజీ) ఉండాలి. పాఠ్యపుస్తకం వాక్యాలు దించితే కాపీహక్కుల కింద తొలగిస్తారు, కాబట్టి పుస్తకం మూసి రాయమనండి.