కథలతో లెక్కలు – 4వ పాఠం: రాజుగారి గింజల కథ ఎక్కడ ఆపాలి?

పోయిన పాఠంలో చిన్న కథలో ఒకే ఒక్క లెక్కను ఎలా ఇమడ్చాలో చూశాం. ఈసారి కథ అందరికీ తెలిసిందే. చదరంగం కనిపెట్టినవాడు రాజుగారిని బహుమానం అడుగుతాడు: మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, అలా 64 గళ్ళకూ రెట్టింపు చేసుకుంటూ పోవాలి. రాజు నవ్వి సరేనంటాడు. చివరికి ధాన్యాగారం ఖాళీ.

చాలామంది దీన్ని ఒక్క ఊపులో చివరిదాకా చెప్పేస్తారు. పిల్లలు "అబ్బో!" అంటారు, అంతటితో సరి. లెక్క చేసింది ఎవరూ లేరు. అందుకే రాజు "సరే" అన్నచోట కథ ఆపేయండి. పిల్లలు ఎంత బతిమాలినా ముందుకు వెళ్ళొద్దు.

ఆపి, "రాజుగారు ఎన్ని బస్తాలు ఇవ్వాల్సొస్తుంది?" అని అడగండి. ఎవరి అంచనా వాళ్ళు పుస్తకంలో రాసుకోవాలి. అర బస్తా అన్నా, పది బస్తాలన్నా మీరు తప్పనీ అనకండి, ఒప్పనీ అనకండి.

ఇప్పుడు చదరంగం అట్ట, గుప్పెడు బియ్యం తీయండి. గింజలు పిల్లలే పెట్టాలి. మొదటి వరస ఎనిమిది గళ్ళు చాలు: 1, 2, 4, 8, 16, 32, 64, 128. ఏడో గడికి వచ్చేసరికి గింజలు పక్క గడిలోకి జారుతుంటాయి, లెక్క తప్పుతుంటుంది, విసుగు మొదలవుతుంది. "లెక్కపెట్టకుండా చెప్పలేమా?" అని ఎవరో ఒకరు అడుగుతారు. ఆ మాట కోసమే ఇంత బియ్యం ఒలకబోశాం.

అప్పుడు ఇలా అడగండి. నాలుగో గడిలో ఎన్ని? ఎనిమిది. దానికి ముందున్న మూడు గళ్ళలో కలిపి? ఏడు. ఐదో గడిలో 16, ముందున్నవి 15. ఇంకో గడికి వెళ్ళేలోపే ఎవరో పట్టేస్తారు: ఏ గడి చూసినా ముందున్నవన్నీ కలిపినదానికంటే ఒకటి ఎక్కువ. దాన్ని మీ నోటితో చెప్పారో, పాఠం పోయినట్టే. తొమ్మిదో గడిలో 256 రావాలి కాబట్టి మొదటి వరసలో ఉన్నవి 255.

"ఎందుకలా?" అనే పిల్ల ఒకతె ఉంటుంది. ఆమె చేతికి ఒక గింజ అప్పివ్వండి. దాన్ని మొదటి గడిలో గింజ పక్కన పెడితే రెండు. ఆ రెంటినీ రెండో గడిలోకి తోస్తే నాలుగు. వాటిని మూడో గడిలోకి తోస్తే ఎనిమిది. అంటే నాలుగో గడికి కావలసినన్ని. అప్పు గింజ వెనక్కి తీసుకోండి, ఏడు మిగులుతాయి. ఐదో తరగతి పిల్లలకు ఇంతకంటే నిరూపణ అక్కర్లేదు.

పదహారో గడిలో 32,768. ఇక గింజలు కట్టిపెట్టి కాగితం తీయండి. ఒక చెంచాలో ఎన్ని గింజలో, కిలోకి ఎన్ని చెంచాలో పిల్లలచేతే కొలిపించండి. సన్నబియ్యానికి ఒక జవాబు, దొడ్డుబియ్యానికి ఇంకొకటి వస్తుంది. రానివ్వండి.

మొత్తం 64 గళ్ళకు 1,84,46,74,40,73,70,95,51,615 గింజలు. పాతకాలపు తెలుగు కవి, గణితజ్ఞుడు పావులూరి మల్లన తన తెలుగు గణితంలో ఈ సంఖ్యను ఏకంగా పద్యంలో కూర్చాడు. "శర శశి షట్క చంద్ర" అని మొదలవుతుంది. ఇందులో ఒక్కో మాట ఒక్కో అంకెకు గుర్తు. శర అంటే మన్మథుడి బాణాలు, 5. శశి 1, షట్కం 6, చంద్రుడు 1. కుడి నుంచి ఎడమకు రాసుకుంటూ పోతే చివరి నాలుగు అంకెలు 1615 వచ్చేస్తాయి. హైస్కూలు పిల్లలకు పొడుపుకథలా ఇచ్చి చూడండి, వదిలిపెట్టరు.

మీరు చేయాల్సిన పని: ఇదే లెక్కను పొలం కథగా మార్చండి. పది రోజుల కోత. ఒక కూలీకి రోజుకు 100 రూపాయలు. రెండోవాడు మొదటి రోజు ఒక్క రూపాయే అడిగి, రోజూ రెట్టింపు చేయమన్నాడు. తొమ్మిదో రోజు సాయంత్రానికి మొదటివాడి చేతిలో 900, రెండోవాడి చేతిలో 511. కథ అక్కడ ఆపి, మర్నాటి సంగతి అడగండి. పదో రోజు ఒక్కనాడే 512 వస్తుంది, 1,023తో వాడు 1,000 దాటేస్తాడు. కోత ఎనిమిది రోజుల్లోనే ముగిస్తే ఎవరి బేరం మంచిదో కూడా వాళ్ళనే తేల్చమనండి.

వచ్చే పాఠం 17 ఏనుగుల పంపకం: పెద్దవాడికి సగం, నడిపివాడికి మూడోవంతు, చిన్నవాడికి తొమ్మిదోవంతు. ఈలోగా ఈ మూడు భాగాలూ కలిపితే ఎంతవుతుందో కాగితం మీద వేసి ఉంచుకోండి.