అబ్బ ఎయిర్ రైఫిల్ చెక్కను బాగుచేసుకున్నాను

మా అబ్బ (తాత) పాత ఎయిర్ రైఫిల్ అనంతపురం ఇంట్లో అటక మీద దొరికింది. ఇనుము బాగానే ఉంది గానీ, చెక్క మీద వార్నిష్ నల్లబడి పెచ్చులు లేచింది. ఆయన చెంప ఆనించిన చోటు మాత్రం నున్నగా అరిగి ఉంది.

గుండు లేదని, స్ప్రింగ్ బిగిసి లేదని చూసుకుని, స్క్రూలు తీసి చెక్కను వేరు చేశాను. గ్లౌజులు వేసుకుని పెయింట్ రిమూవర్ పూశాను. 20 నిమిషాలకు వార్నిష్ మీగడలా ముడతలు పడి వచ్చేసింది.

సొట్టలే నాకు టెన్షన్. రుద్దితే చెక్క తగ్గిపోతుంది. మా వీధి వడ్రంగి మామ, "తడిగుడ్డ పరిచి ఇస్త్రీపెట్టె ఆనించప్పా" అన్నాడు. ఆవిరికి నలిగిన పీచు ఉబ్బి, సొట్ట కళ్లముందే పైకి లేచింది! తెగిన గాట్లు మాత్రం అట్లా లేవవు. వాటిని వదిలేశాను.

ఆరాక 120, 220, 320 నంబర్ల ఉప్పుకాగితంతో పీచు వెంబడే రుద్దాను. ఇనుము కూర్చునే అంచుల జోలికి పోలేదు. అక్కడ అరిగితే సందు పడుతుంది.

తర్వాత బాయిల్డ్ అవిసె నూనె (త్వరగా ఆరేలా తయారుచేసి అమ్మే రకం). పలచగా పూయడం, 15 నిమిషాలకు మిగిలింది తుడిచేయడం. రోజుకొక పూత, మొత్తం 6. మన ఏప్రిల్ ఎండలో పెడితే చెక్క పగులుతుంది, నీడలోనే ఆరబెట్టాలి. ఇంకొకటి, నూనె గుడ్డలను ఉండచుట్టి పడేయకండి. వేడెక్కి వాటంతటవే అంటుకోగలవు. నేను నీళ్లలో ముంచి పెట్టాను.

మూడో పూతకే చెక్క చారలు తేలాయి. మా మేనత్త చేత్తో తడిమి, "నాయన దగ్గర ఇట్లే ఉండేది" అంది.